పర్లాకిమిడిలో ఎనిమిదేళ్ళ వాడకం: రెండు ఈ-రీడర్లు, ఒక పుస్తకాల బీరువా

తెలుగు చదవడానికి ఈ-రీడరు, అంటే పుస్తకాలు చదువుకునే పలకలాంటి పరికరం, కొనుక్కోవచ్చా అని ఈమధ్య బంధువుల్లో ముగ్గురు అడిగారు. ఫోన్లో చెప్తే తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. నా దగ్గర రెండు రీడర్లున్నాయి. మొదటిది 2017 ఆగస్టులో మా అబ్బాయి కొనిచ్చాడు. రెండోది 2021లో నేనే కొనుక్కున్నాను. రెండూ ఆరంగుళాల తెర ఉన్నవే. ఇవి కాక ఒక టేకు బీరువా నిండా అచ్చు పుస్తకాలున్నాయి, సగం నాన్నగారివి, సగం నావి. మూడింటినీ రోజూ వాడే మనిషిగా చెప్తున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే నా అభిప్రాయం ఎందుకిలా ఉందో అర్థం కాదు. మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఊరు ఆ పక్కకు వెళ్ళింది. మా ఇళ్ళలో తెలుగు, బళ్ళలో ఒడియా. నేను కూడా ఒడియా మీడియంలో చదివి, అదే మీడియంలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెలుగు చదవడం, రాయడం నాన్నగారు ఇంట్లో నేర్పినవే. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అయినా మా బజార్లో నాకు దొరికే తెలుగు పుస్తకాలు పంచాంగం, వ్రతకథలు, పెద్దబాలశిక్ష, అంతే. నవలో కథల సంపుటో కావాలంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్ళాలి, లేదా పోస్టులో తెప్పించుకోవాలి. కాగితమా, తెరా అని మాకు ఎంచుకునే వీలు చాలాకాలం లేనేలేదు. దొరికిందే చదివాం.

అందుకే మొదటి రీడరు ఇంటికొచ్చిన రోజు చాలా సంతోషపడ్డాను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తెలుగు ఈపబ్ (తెరను బట్టి వరసలు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలు) ఒకటి తెరిస్తే వత్తులన్నీ విడిపోయి కనిపించాయి. 'స్త్రీ' అన్న మాట స, త, ర మధ్య పొల్లులతో మూడు ముక్కలుగా వచ్చింది. 'లక్ష్మి' కూడా అంతే. గుణింతాలు ఒకచోట, అక్షరం ఒకచోట. తెలుగు, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటరు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చింది కదా, ఇంకా ఈ బాధ ఏమిటనుకున్నాను. తర్వాత మా మేనల్లుడు వివరించాడు. అక్షరాలకు సంకేతాలుంటే సరిపోదట. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే రెండోదాన్ని వత్తుగా మార్చి కింద కూర్చోబెట్టే పని పరికరంలోని సాఫ్ట్‌వేర్ చేయాలి. ఆ పని రాని పరికరంలో ఎంత మంచి ఫాంటు వేసినా ఉపయోగం లేదు. కొనేముందు ఎవరూ చెప్పని విషయం ఇది. నా సమీక్ష మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: డబ్బు కట్టేముందు ఆ పరికరంలో 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' అనే మూడు మాటలు ఎలా కనిపిస్తున్నాయో కళ్ళారా చూడండి.

ఆ మొదటి రీడరును మూలన పడేయకుండా మేనల్లుడు ఒక ఉపాయం చేశాడు. పాఠాన్ని కంప్యూటర్లో తీసుకుని, కాగితం సైజును తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల పొడవు పెట్టి, అక్షరం పెద్దది చేసి, పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించాడు. పీడీఎఫ్‌లో అక్షరాలు ముందే కూర్చుని ఉంటాయి కాబట్టి పరికరం వాటిని విడగొట్టలేదు. అక్షరం సైజు మళ్ళీ మార్చుకోలేం, అదొక్కటే లోటు. అలా అరవై డెబ్బై పుస్తకాలు చదివాను. చాలావరకు తెలుగు వికీసోర్స్ నుంచి దింపుకున్నవి. అక్కడ పాత పుస్తకాలను వాలంటీర్లు అక్షరం అక్షరం సరిచూసి పెడుతున్నారు. వాళ్ళకు నా లాంటి వాళ్ళు ఎంత రుణపడి ఉన్నారో మాటల్లో చెప్పలేను. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ళకు కాపీరైటు తీరిపోతుంది. కాబట్టి పాతతరం రచనలు ఇలా ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటి రచయితలవి కొనాల్సిందే, కొనాలి కూడా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా ఆ దెబ్బకు ఎంత నష్టపోయిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఇంట్లో మనుషులకు ఏమీ కాలేదు, అది అదృష్టం. కానీ కిటికీ రెక్క ఊడిపోయి, వాన నేరుగా బీరువా మీద కొట్టింది. కింది అర మొత్తం నానిపోయింది. నలభై మూడు పుస్తకాలు. వాన తగ్గాక ఒక్కొక్కటీ తీసి, చాప మీద పేజీలు విడదీసి నిలబెట్టాను. ఫ్యాను వేద్దామంటే కరెంటు లేదు. అప్పుడు తెలిసింది: మామూలు ముతక కాగితం మీద అచ్చయినవి ఉబ్బి, అట్టలు వంగి, గోధుమరంగు మరకలతో అయినా బతికాయి. నునుపైన ఆర్ట్ పేపరు మీద బొమ్మలతో అచ్చయిన ఖరీదైన పుస్తకాలు మాత్రం ఆరిపోయాక రాళ్ళలా అతుక్కుపోయాయి. ఒక్క పేజీ కూడా విడదీయలేకపోయాను. వాటిలో నాన్నగారు చివరి సంవత్సరంలో కొన్నది ఒకటుంది. దాన్ని పారేయలేదు, ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

మా వీధికి పదకొండు రోజులు కరెంటు రాలేదు. ఫోను రెండో రోజుకే ఆగిపోయింది. రీడరు మాత్రం రోజూ రాత్రి గంటన్నర, రెండు గంటలు చదివినా పదకొండో రోజున ఇంకా మూడోవంతు ఛార్జింగు చూపిస్తూనే ఉంది. రీడరుకుండే ఈ-ఇంకు తెరలో నలుపు, తెలుపు రేణువులుంటాయి, వాటి విద్యుదావేశాలు ఒకదానికొకటి వ్యతిరేకం. పేజీ తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వాటిని అటూ ఇటూ జరుపుతుంది. ఒకసారి కుదురుకున్నాక ఆ పేజీ కదలకుండా అలాగే ఉండిపోతుంది, దానికి కరెంటు అక్కర్లేదు. మిగతా ఖర్చు చాలావరకు చిన్న వెలుతురుకే. ఆ రాత్రులు అమ్మ పక్కన కూర్చుని పైకి చదివి వినిపించేదాన్ని. బయట చీకటి, లోపల తడి కాగితాల వాసన. ఆ పదకొండు రోజులకు ఆ రీడరుకు పెట్టిన డబ్బు తీరిపోయిందని నా లెక్క.

రెండో రీడరు కొన్నప్పుడు తొందరపడలేదు. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించుకునే వీలున్నదే కావాలని పట్టుబట్టాను. దానిలో వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అక్షరాల కూర్పు అమరికలో 'బెస్ట్' అన్నది ఎంచుకోవాలి, అది మర్చిపోతే మళ్ళీ పాత కథే. మనకు నచ్చిన ఫాంటు కూడా వేసుకోవచ్చు. తెలుగులో ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో 'గిడుగు' అని ఒకటుంది. పంతులుగారి పేరు మీద ఫాంటు, అదీ పర్లాకిమిడిలో! మొదట అదే వేశాను. శీర్షికలకు చాలా అందంగా ఉంది. పేజీల తరబడి చదవడానికి మాత్రం నా కంటికి 'మండలి' హాయిగా ఉంది. నాలుగేళ్ళకు పైగా అదే వాడుతున్నాను.

ఈ మార్పుతో ఎక్కువ లాభపడింది అమ్మ. ఆవిడకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అచ్చు పుస్తకం పట్టుకుంటే పావుగంటలో కళ్ళు నీళ్ళు కారేవి. రీడరులో అక్షరాన్ని బొటనవేలి గోరంత చేసి చేతికిచ్చాను.

"ఏటే ఇది, పలకలాగుంది," అంది.

"పుస్తకమేనమ్మా. ఇక్కడ వేలు ఆనించు, పేజీ తిరుగుతుంది."

కాసేపు మాట్లాడలేదు. నాలుగైదు పేజీలు తిప్పాక, "అక్షరాలు ముత్యాల్లాగున్నాయే. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచేవు?" అంది. ఇప్పుడు ఆవిడకు ఎనభై మూడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక రీడరు ఆవిడదే, నేను అడగను కూడా అడగను. పెద్ద కళ్ళజోళ్ళు, భూతద్దాలు కొని ఇబ్బంది పడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా కొనండి.

ఇక లోపాలు. తెలుగు ఈ-పుస్తకాల్లో చాలావరకు ఇప్పటికీ పీడీఎఫ్‌లే. డీటీపీ పని, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం, ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో జరిగింది. అవి యూనికోడ్ కావు. పేజీ మీద తెలుగులా కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి వేరే సంకేతాలు. అందువల్ల అక్షరం పెద్దది చేస్తే వరసలు సర్దుకోవు, ఒక మాట కోసం వెతికితే దొరకదు. మళ్ళీ యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దాలంటే ప్రచురణకర్తకు అదనపు ఖర్చు, అదనపు పని. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. అయినా కొత్తగా వేసే పుస్తకాలనైనా మొదటి నుంచీ యూనికోడ్‌లో కూర్చమని అందరినీ వేడుకుంటున్నాను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలల్లో ఉన్నాయి, అదొక నిధి. ఆరంగుళాల తెర మీద మాత్రం ఆ స్కాన్లు చదవలేం, పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ ఉండాలి. వాటికి పదంగుళాల టాబ్లెట్టే దారి, కానీ టాబ్లెట్టు గంటసేపు చూస్తే నాకు తలనొప్పి వస్తుంది. బొమ్మలున్న పిల్లల పుస్తకాలు కూడా దీనిలో వద్దు, రంగులన్నీ బూడిదరంగు అయిపోతాయి. ఇంకోటి, కఠిన పదం మీద వేలు పెడితే అర్థం చూపించే తెలుగు నిఘంటువు నా రీడర్లలో లేదు. ఫోను తీసి ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతుక్కుంటాను. పాత రీడరు బ్యాటరీ ఇప్పుడు నాలుగు రోజులకు మించి రావడం లేదు.

అచ్చు పుస్తకానికి ఇక్కడ శత్రువులు తక్కువేమీ కాదు. వానాకాలం తేమ, గోడల్లోంచి చెదలు, అట్టలోపల రామబాణం పురుగులు. కలరా ఉండలు, ఎండిన వేపాకు, ఏటా ఒకసారి ఎండలో పెట్టడం, ఇవన్నీ చేస్తూనే ఉన్నాను. అంత చాకిరీ ఎందుకంటారా? ఒక ఆదివారం సంగతి చెప్తాను.

అన్నయ్య మనవరాలు ఒడియా మీడియంలో అయిదో తరగతి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. మొదట రీడరు ఇచ్చాను, పెద్దక్షరాలుంటాయి కదా అని. దాని వేలు ప్రతి అక్షరం కింద ఆగాలి, అక్కడే వేలు పెడితే పేజీ తిరిగిపోతుంది. రెండు పేజీలు ముందుకుపోయి, ఎక్కడున్నదో తెలియక, చిరాకుపడి వదిలేసింది. తర్వాత బీరువాలోంచి ఒక పాత కథల పుస్తకం తీసి ఒళ్ళో పెట్టాను. వేలు గట్టిగా ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఒకచోట సున్న దగ్గర ఆగింది.

"మామ్మా, ఇది 'ఠ' కదా?"

ఒడియాలో 'ఠ' అచ్చం మన సున్నలాగే ఉంటుంది. రెండూ పక్కపక్కన రాసి చూపించాను. అప్పటి నుంచి తనే పోలికలు వెతుకుతోంది. ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళింది, పక్కింటి పిల్లకు చూపించింది, ఇప్పుడు ఆ పిల్ల కూడా వస్తోంది. రీడరును అలా పంపలేను. ఒకరి చేతిలో ఉంటే మిగతా పుస్తకాలన్నీ దానితోపాటే వెళ్ళిపోతాయి. కొన్న ఈ-పుస్తకాల్లో చాలావాటికి తాళం ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడానికి వీలుండదు. నా బీరువా తలుపు లోపల ఒక నోటుబుక్కు వేలాడదీశాను, ఎవరు ఏది తీసుకెళ్ళారో రాయడానికి. మా వీధిలో తెలుగు చదివే ఇళ్ళు పదకొండు ఉన్నాయని ఆ నోటుబుక్కు చూశాకే నాకు తెలిసింది.

అందుకని నా కొనుగోళ్ళు ఇలా సాగుతున్నాయి. నేను ఒక్కదాన్నే చదివేవి, అమ్మకు కావలసినవి రీడరులోకి. పిల్లలకు పనికొచ్చేవి, నలుగురికీ తిరగాలనుకున్నవి, మళ్ళీ మళ్ళీ తెరిచేవి కాగితం మీద. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్ళే చుట్టాలు ఎవరున్నా ముందుగానే జాబితా ఇస్తాను, వాళ్ళు పాపం మోసుకొస్తారు. పోయినసారి తెప్పించినవాటిలో ముతక కాగితం మీద అచ్చయినవే ఎంచుకున్నాను. కింది అర ఇప్పుడు ఖాళీ. పుస్తకాలన్నీ నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉన్నాయి, కిటికీకి ఎదురుగా కాకుండా.

కొత్త రీడరు ఇప్పట్లో కొనను. కొంటే ఎనిమిదంగుళాలకు తగ్గనిది, చేత్తో పట్టుకుని 'రాష్ట్రం' అని చూసుకున్నాకే. పాతదానికి బ్యాటరీ మార్చేవాళ్ళు బరంపురంలో ఉన్నారని విన్నాను. వచ్చే నెల వెళ్ళి అడుగుతాను. అమ్మ తన రీడరు ఇంకెవరికీ ఇవ్వనంటోంది.