కోయడానికే కొన్న బొగ్గు వ్యాగన్: ఓఓ గేజ్ హెచ్‌టీఏ హాపర్ రివ్యూ

బొమ్మ రైలు (మోడల్) వ్యాగన్లు ఇంటికొచ్చిన పదో రోజున వాటిలో ఒకదాన్ని రంపంతో రెండు చోట్ల కోశాను. అలా కోసిన మనిషి రాసే రివ్యూ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. షెల్ఫులో పెట్టుకుని చూసుకునేవాళ్ళకి ఇందులో కొంత పనికొస్తుంది, రంపం పట్టుకునేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఎందుకు కోశానో చెప్తాను. నేను ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో ఉంటాను, ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగంలో నైట్ డ్యూటీలు. డ్యూటీ దిగాక వెంటనే నిద్ర పట్టదు. అలాంటి పొద్దున్నల్లో కారేసుకుని చిన్లీ స్టేషన్‌కి వెళ్ళి గూడ్స్ బళ్ళు చూస్తుంటాను. పీక్ ఫారెస్ట్, డవ్ హోల్స్ దగ్గర క్వారీల్లో సున్నపురాయి తవ్వుతారు. ఆ రాయి కిందికి దిగొచ్చే దారి అదే. అయితే ఒక తిరకాసు ఉంది. క్వారీల వైపు నుంచి వచ్చే లైను స్టేషన్‌కి ముందే చీలిపోతుంది. మాంచెస్టర్ వైపు వెళ్ళేవి మాత్రమే స్టేషన్ మీదుగా వస్తాయి. షెఫీల్డ్ వైపు వెళ్ళేవి తూర్పు మలుపు తీసుకుని హోప్ లోయలోకి పోతాయి. మొదటి నెలంతా నాకు ఆ సంగతి తెలీక, చప్పుడు విని లేచి నిలబడి, ఏమీ రాక మళ్ళీ కూర్చునేదాన్ని.

ఇప్పుడు ముందుగా రియల్‌టైమ్ ట్రైన్స్ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్తాను. బండి నంబరు 6తో మొదలైతే గంటకు 60 మైళ్ళ గూడ్స్, 4తో మొదలైతే 75 మైళ్ళది, ఎక్కువగా కంటెయినర్లు. 0 అయితే ఒట్టి ఇంజనే. అన్నిటికంటే కడుపు మండించేది పక్కన ఉండే 'అవసరమైతే నడుస్తుంది' అనే మాట. రాయి బళ్ళకి ఇది చాలా మామూలు. టైమ్ టేబుల్‌లో బండి ఉంటుంది, పట్టాల మీద ఉండదు.

పోయిన శీతాకాలంలో అలా రెండుసార్లు చలిలో నిలబడి ఉత్తి చేతులతో వచ్చాక, మూడోసారి వచ్చింది. ముందు క్లాస్ 66 రకం డీజిల్ ఇంజను. పైకప్పు వాలు చూసి ఇక్కడివాళ్ళు దీన్ని 'షెడ్' అంటారు. వెనక మెరూన్ రంగు హాపర్లు, అంటే అడుగు తలుపుల్లోంచి సరుకు జారే వ్యాగన్లు. ఎక్కడో చూసినట్టే ఉన్నాయి కానీ ఏదో తేడా. మొహం తెలిసినవాళ్ళు ఉన్నట్టుండి పొట్టిగా అయిపోయి కనిపించినట్టుంది. ప్లాట్‌ఫామ్ మీద నాతోపాటు నిలబడ్డ పెద్దాయన, ఫ్లాస్క్ మూత తిప్పుతూనే చెప్పాడు: "అవి బొగ్గు వ్యాగన్లేనమ్మా. మధ్యలో కోసి అతికించారు."

నిజమే. హెచ్‌టీఏ అనే ఈ బొగ్గు హాపర్లను ఈడబ్ల్యూఎస్ అనే గూడ్స్ రైళ్ళ కంపెనీ కోసం 2000 ప్రాంతంలో థ్రాల్ సంస్థ యార్క్‌లో తయారు చేయడం మొదలుపెట్టింది. రేవుల నుంచి కరెంటు స్టేషన్లకు బొగ్గు మోయడం వీటి పని. తర్వాత ఆ స్టేషన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరిదైన ర్యాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. బొగ్గు తగ్గుతున్న కొద్దీ వ్యాగన్లు సైడింగుల్లో తుప్పు పట్టడం మొదలైంది. మరి రాయి మోయొచ్చు కదా? అక్కడే ఇబ్బంది. నాలుగు ఇరుసుల వ్యాగన్ సరుకుతో కలిపి 102 టన్నులు దాటకూడదు. క్యూబిక్ మీటరు బొగ్గు 0.8 టన్ను చిల్లర ఉంటే, అంతే కొట్టిన రాయి 1.5 టన్నుకు పైనే తూగుతుంది. బొగ్గు కోసం చేసిన పెట్టెలో రాయి నింపితే సగానికే బరువు హద్దు దాటిపోతుంది. పైన మిగిలిన ఖాళీని అనవసరంగా లాక్కుపోవాలి, రైలు పొడవూ వృథా. అందుకని మధ్య భాగం తీసేసి పొట్టి చేశారు. వ్యాగన్ రకాన్ని చెప్పే మూడక్షరాల కోడ్ కూడా మారింది. హెచ్‌టీఏ కాస్తా హెచ్‌ఆర్‌ఏ అయింది. చివరి 'ఏ' అంటే ఎయిర్ బ్రేకు, అది మారలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి నిద్రపోకుండా సెకండ్ హ్యాండ్ మోడళ్ళు వెతికాను.

ఇక వస్తువు సంగతి. ఓఓ గేజ్, అంటే 1:76 స్కేలు, 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడుస్తుంది. ఒక్కోటి 18 పౌండ్ల చొప్పున మూడు తీసుకున్నాను, పోస్టుకి ఇంకో 4. అమ్మినాయన 'చాలా తక్కువగా వాడినవి' అని రాశాడు. చక్రాల మీద పేరుకున్న నల్ల జిడ్డు వేరే కథ చెప్పింది. ఒకదానికి కప్లింగే, అంటే పక్క వ్యాగన్‌కి తగిలించే కొక్కెమే లేదు. అడిగితే పాపం మూడు వారాలకు పంపాడు, అదీ వేరే రకం వ్యాగన్‌ది. ఆయన పేరు ఎందుకులెండి.

పెట్టెలోంచి తీయగానే మెచ్చుకోవాల్సింది గోడల అచ్చు. నిలువు పట్టీలు పదునుగా, ఒకదానికొకటి తేడా లేకుండా ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, కోసేటప్పుడు ప్రాణం నిలబెట్టేది ఇదే. బంగారు రంగు అక్షరాల అంచులు చెదరలేదు. పక్కనున్న డేటా గడి భూతద్దంలో చదవొచ్చు. మెరూన్ మాత్రం మరీ కొత్త పెళ్ళికూతురి చీరలా మెరుస్తోంది. నిజం వ్యాగన్ ఇరవయ్యేళ్ళ వాన తిన్నది, ఇలా ఎక్కడుంటుంది!

నచ్చనివి కూడా ఉన్నాయి. చివర్లలో నిచ్చెనలు లావు. తొట్టి లోపల అడుగు చదునుగా వదిలేశారు, హాపర్ అంటే లోపలికి వాలుగా ఉండాలి. ఖాళీ బండిగా నడిపితే పైనుంచి చూసేవాళ్ళకి పళ్ళెంలా కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద లోపం కప్లింగ్. దాన్ని బోగీకి తగిలించారు. (మనం రైలు పెట్టెని బోగీ అంటాం. ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం.) దాంతో రెండు వ్యాగన్ల మధ్య సందు 18 మిల్లీమీటర్లు వచ్చింది. 76తో గుణిస్తే 1.37 మీటర్లు, అందులో ఒక ఫ్రిజ్ పెట్టొచ్చు. ఎన్‌ఈఎమ్ పాకెట్ (ఏ కంపెనీ కప్లింగైనా దూర్చుకునే ప్రామాణిక గూడు) ఉంది కాబట్టి పాత కప్లింగ్ పీకి కేడీ కంపెనీవి పెట్టాను. అవి 17 నుంచి 20 నంబరు దాకా పొడవును బట్టి నాలుగు రకాలొస్తాయి. పొట్టిదైన 17 పెడితే రెండో రేడియస్ మలుపులో, అంటే 438 మిల్లీమీటర్ల దాంట్లో, బఫర్లు ఒరుసుకున్నాయి. 18తో సరిపోయింది.

కోత దగ్గరికొద్దాం. ఎంత తీసేయాలో తెలియాలంటే కొలత కావాలి. నాకున్నది ప్లాట్‌ఫామ్ మీంచి తీసిన ఫొటోలే. అక్కడ పసుపు గీత దాటకూడదు, ఫ్లాష్ వాడకూడదు, దొరికినంతలో తీసుకోవాలి. ఇక్కడ నా ఉద్యోగం అక్కరకొచ్చింది. ఎక్స్‌రేలో లాగే ఫొటోలో కూడా కెమెరాకి దగ్గరున్నది పెద్దదిగా పడుతుంది. పట్టాల వెడల్పుని కొలబద్దగా వాడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అది వ్యాగన్ గోడ ఉన్న తలంలో లేదు. బోగీ ముందు మొహం దాదాపు గోడ తలంలోనే ఉంటుంది. మోడల్ బోగీ చక్రాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి, ఫొటోలో అదే దూరంతో భాగించాను. చివరికి మిల్లీమీటర్ల కంటే నిలువు పట్టీలు లెక్కపెట్టడమే నమ్మకంగా అనిపించింది. రెండూ సరిపోయాకే రంపం తీశాను.

గోడని పట్టీ అంచు వెంబడే కోయాలి, పట్టీల మధ్య ఖాళీలో కాదు. అప్పుడు అతుకు పట్టీ నీడలో దాక్కుంటుంది. మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు పట్టుకుని సన్న రంపంతో నెమ్మదిగా, నొక్కకుండా కోయాలి. మొదటి వ్యాగన్ గోడ చక్కగా వచ్చింది. ఆ ఉత్సాహంలో కింది చట్రం మీద రంపం పెట్టాను. కిర్రుమంది. లోపల బరువు కోసం ఇనప పలక పెట్టి బంకతో అతికించారు. పెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ ఆ మాటే లేదు. రంపం పళ్ళు పోయాయి, నా మూడ్ కూడా పోయింది. రెండోదానికి తెలివొచ్చి చట్రాన్ని అయిదు నిమిషాలు వేడినీళ్ళలో ఉంచాను. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంకర పోతుంది. బంక మెత్తబడ్డాక పలక అంచుని స్క్రూడ్రైవర్‌తో లేపితే వచ్చేసింది.

అతికించేటప్పుడు తొందరపడితే అంతే సంగతులు. చట్రం లోపల రెండు వైపులా 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ వేసి, ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే ద్రావకంతో అతికించి, అద్దం పలక మీద రాత్రంతా బరువు పెట్టి ఉంచాను. కిటికీ తెరిచి చేయండి, ఆ వాసన తలకెక్కుతుంది. మా ఆయన మర్నాడు వంటింట్లోకి వచ్చి, "పప్పు డబ్బా వ్యాగన్ మీద ఎందుకుంది?" అన్నాడు. బరువుకి అదే దొరికింది మరి. చట్రం వెంట్రుకవాసి మెలి తిరిగినా ఒక చక్రం పట్టా మీంచి లేస్తుంది. అందుకే ఒక బోగీ స్క్రూ బిగుతుగా, రెండోది కాస్త అటూ ఇటూ ఊగేలా వదిలాను. మూడు కాళ్ళ స్టూలు ఎక్కడ పెట్టినా కుదురుగా నిలబడుతుంది కదా, ఇదీ అంతే.

పలక తీసేశాక బరువు తగ్గింది. సీసం గుళ్ళు వేసి తెల్ల పీవీఏ బంక పోయమని చెప్పేవాళ్ళున్నారు. వద్దు. కొన్నేళ్ళకి సీసానికీ ఆ బంకకీ పడక లోపల ఉబ్బిపోయి పెట్టె గోడలు పగులుతాయి. నేను ఆ ఇనప పలకనే చిన్నగా కోయించి మళ్ళీ పెట్టాను. పైన స్పాంజి ముక్క, దాని మీద జల్లించిన రాతి నలుసు. లోపల అడుగు చదునుగా ఉందన్న లోపం ఆ లోడ్ కింద కప్పబడిపోయింది.

రంగు పని త్వరగానే అయింది. అతుకుల దగ్గర లప్పం, ఉప్పుకాగితం, మీద మెరూన్. తుప్పు మరకలకి హమ్‌బ్రోల్ కంపెనీ రంగుల్లో 113, 62 కలిపి వాడాను. సున్నపురాయి వ్యాగన్‌కి అసలు అందం దుమ్ము. ఫొటోల్లో చూస్తే అది పైనకంటే కింద, రాయి జారే తలుపుల దగ్గరా బోగీల మీదా ఎక్కువుంది. గోడల మీద వాన గీతలుగా కారింది. లేత బూడిద పొడి అద్ది, మీద మ్యాట్ వార్నిష్ కొట్టాను. వార్నిష్ పడగానే సగం పొడి మాయమవుతుంది, కంగారు పడకండి. ముందే రెట్టింపు అద్దాలి.

చివర్లో కోడ్. హెచ్‌టీఏని హెచ్‌ఆర్‌ఏ చేయాలంటే మార్చాల్సింది మధ్యలో ఒక్క అక్షరమే. ఎత్తు ఒక మిల్లీమీటరు. తడిపి అంటించే అక్షరాల షీట్ ఇంకోదాంట్లోంచి ఆ ఒక్క 'ఆర్' కత్తిరించి, తడిపి, పట్టకారుతో పెట్టడానికి మొత్తం కోతకి పట్టినంత టెన్షన్ పడ్డాను. మూడు అక్షరాలు పోయాయి, ఒకటి నా బొటనవేలి మీద దొరికింది.

బొగ్గు రైలే కావాలనుకునేవాళ్ళకి ఈ వ్యాగన్ అయిదుకి మూడు. కప్లింగ్ మార్చే ఓపిక లేకపోతే రెండున్నరే. కోసి వేరేది చేసుకోవాలనుకునేవాళ్ళకి నాలుగున్నర ఇస్తాను. పట్టీలు అంత తిన్నగా లేకపోతే అతుకు దాగేది కాదు. దాచిన ఇనప పలకకి అర మార్కు కోత. ఒక్కో వ్యాగన్ మీద కప్లింగులు, ప్లాస్టిక్, రంగు కలిపి ఇంకో 9 పౌండ్లయింది, పాడైన రంపం కాకుండా. మెరిసే కొత్త వ్యాగన్ కొని కోయడానికి చెయ్యి రాదు, సెకండ్ హ్యాండే తీసుకోండి, చక్రాల ఫొటో అడిగి మరీ.

మూడోది ఇంకా కోయలేదు.  నా దగ్గరున్న ఫొటోలన్నీ ఒక పక్కవే, చేతి బ్రేకు చక్రం వాటిలో కనబడదు. రెండో పక్క కావాలంటే బండిని అవతలి వైపు నుంచి చూడాలి. శనివారం డ్యూటీ లేదు. పొద్దున్నే 6తో మొదలయ్యే బండి ఒకటి లిస్టులో ఉంది. పక్కన మళ్ళీ అదే మాట: అవసరమైతే నడుస్తుంది.