ఏడేళ్ల డిష్‌వాషర్ వాడకం: మెకానిక్‌ని పిలిచే ముందు ఒకసారి అడుగున చూడండి

కొన్న మొదటి నెలలో రాసే సమీక్షల్లో అన్నీ తళతళలే ఉంటాయి, అందుకే ఏడేళ్లు ఆగి రాస్తున్నాను. ఈ ఏడేళ్లలో మెకానిక్‌ని రెండుసార్లు పిలిచాను. ఒకసారి నిజంగానే అవసరమైంది. ఇంకోసారి ఆయన వచ్చి, అడుగున చెయ్యి పెట్టి, తడిసిన కాగితం ముక్క ఒకటి బయటికి తీసి చూపించి వెళ్లిపోయాడు. కంపెనీ పేరు చెప్పను, నేను పడ్డ తిప్పలు ఏ కంపెనీ మెషీన్‌తోనైనా పడేవే.

ఆ కాగితం సంగతే ముందు. ఒకరోజు డోర్ తీస్తే అడుగున మురికి నీళ్లు, పైన జిడ్డు తెట్టు, ప్యానెల్ మీద ఎర్రర్ కోడ్. పంపు పోయిందనే అనుకున్నాను. జరిగిందేంటంటే, అంతకు ముందు ఒక ఖాళీ సీసాని లేబుల్‌తో సహా లోపల పెట్టాను. వేడి నీళ్లకి బంక కరిగి, లేబుల్ పీలికలైపోయి, నేను సరిగ్గా బిగించని ఫిల్టర్ సందులోంచి జారి మురికి నీళ్లని బయటికి తోసే డ్రెయిన్ పంపు చక్రానికి చుట్టుకుంది. పంపు మూలుగుతోంది గానీ తిరగట్లేదు. ఆ మూలుగు వినబడుతోందంటే పంపుకి కరెంటు అందుతున్నట్టే, కాబట్టి ముందు అడ్డం ఏముందో చూసుకోవాలి.

మీకూ నీళ్లు నిలిస్తే ముందు ప్లగ్ తీసెయ్యండి. నీళ్లని గ్లాసుతో తోడి, మిగిలింది స్పాంజితో పిండెయ్యండి. ఫిల్టర్‌ని తిప్పి పైకి లాగితే కింద గుంట కనిపిస్తుంది, చాలా మోడళ్లలో అక్కడే చిన్న ప్లాస్టిక్ మూత, దాని వెనక పంపు చక్రం ఉంటాయి. వట్టి వేళ్లతో తడమకండి, గాజు పెంకులు సరిగ్గా అక్కడే చేరతాయి. టార్చి వేసి, చెంచా కాడతో చక్రాన్ని తిప్పి చూడండి. అది నున్నగా తిరగదు, ఆగి ఆగి టిక్కు టిక్కుమంటూ కదులుతుంది, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది దాని తీరే. ఈ ముక్క తెలియక నేను పంపు పట్టేసిందని కాసేపు అనవసరంగా టెన్షన్ పడ్డాను.

చక్రం బాగానే ఉంటే వెనక పైపు చూడండి. మెషీన్‌ని గోడకేసి నెట్టినప్పుడు పైపు మడత పడి ఉండొచ్చు. పైపు ఒకచోట పైకి లేచి మళ్లీ కిందికి దిగాలి. నేల మీదుగా అలాగే పోతే, సింకు నీళ్లు వెనక్కి వచ్చి మెషీన్‌లో చేరతాయి, లేదా లోపల నింపుకున్న నీళ్లు కడగకముందే జారిపోతాయి. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి చూడండి, ఆ నీళ్లు మెషీన్ అడుగున తేలితే తప్పు పంపుది కాదు, సింకు గొట్టానిది.

గిన్నెలు మురికిగానే బయటికొస్తున్నాయనేది అందరూ చెప్పే ఫిర్యాదు. నా విషయంలో చాలాసార్లు కారణం నా సర్దుడే. గిన్నెలో గిన్నె దూర్చి పెడితే నీళ్లు ఎక్కడికని వెళ్తాయి? పొడవాటి గరిటె కాడ కిందికి జారితే నీళ్లు చిమ్ముతూ తిరిగే రెక్క దానికి తగులుకుని ఆగిపోతుంది. అందుకే బటన్ నొక్కే ముందు రెండు రెక్కల్నీ చేత్తో ఒకసారి తిప్పడం అలవాటు చేసుకున్నాను. అయినా అనుమానంగా ఉంటే రెక్క ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకుని మెషీన్ ఆన్ చేసి, నీళ్లు చిమ్మే చప్పుడు మొదలయ్యాక మధ్యలో ఆపి, కాసేపాగి డోర్ తీసి చూడండి. వరసగా రెండు మూడుసార్లు అదే చోట కనిపిస్తే తిరగనట్టే. రెక్కల చిల్లుల్లో గింజలూ సున్నం పెచ్చులూ ఇరుక్కుంటాయి, రెక్క ఊడదీసి టూత్‌పిక్‌తో పొడిచి, కుళాయి కింద పట్టి చూస్తే ప్రతి చిల్లులోంచీ నీళ్లు రావాలి. డిటర్జెంట్ టాబ్లెట్ కరక్కుండా అలాగే మిగిలితే, దాని అర మూతకి ఏదో పళ్లెం అడ్డం పడి ఉంటుంది.

ఇంకో మాట, చాలామందికి నచ్చదు గానీ, గిన్నెల్ని ముందే కుళాయి కింద శుభ్రంగా కడిగి లోపల పెట్టకండి. పౌడర్‌లో, టాబ్లెట్‌లో ఉండే ఎంజైములు పిండి పదార్థాన్నీ ప్రొటీన్‌నీ విరగ్గొట్టడానికే ఉన్నాయి. ఎంగిలి దులిపేస్తే చాలు. అంట్లు ఒకసారి మనం తోమి మళ్లీ మెషీన్‌తో తోమించడం ఎందుకు? మాడిన అడుగుల సంగతి వేరు, వాటిని చేత్తో తోమాల్సిందే, ఏడేళ్లయినా ఆ బాధ తప్పలేదు.

ఇక తెల్ల పొర. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఇదే. ఆల్ ఇన్ వన్ టాబ్లెట్ వాడుతున్నాను కదా అని సాల్ట్ లైటు (నీళ్లలో సున్నాన్ని తగ్గించడానికి మెషీన్‌లో పోసే ఉప్పు అయిపోయిందని చెప్పేది) వెలిగినా ఆరు నెలలు పట్టించుకోలేదు. మావి సున్నం బాగా ఉన్న గట్టి నీళ్లు. గాజు గ్లాసులు పొగచూరినట్టు తయారయ్యాయి. అప్పుడు వాటి మీద వెనిగర్ రుద్ది చూశాను. పొర పోయిన గ్లాసుల మీద ఉన్నది సున్నం. రెండు గ్లాసుల మీద మాత్రం పోలేదు, అంటే గాజే అరిగిపోయింది, దానికి మందు లేదు, పారేశాను. ఈ అరుగుదల ఎక్కువగా సున్నం లేని మెత్తటి నీళ్లలో డిటర్జెంట్ మోతాదు మించినప్పుడు వస్తుంది, మరి నాకెందుకొచ్చిందంటే ఆ రెండూ ఇంకోచోట ఏళ్ల తరబడి వాడి తెచ్చుకున్న పాతవి.

సాల్ట్ అరలో పోసేది డిష్‌వాషర్ సాల్టే అయ్యుండాలి. వంట ఉప్పులో ముద్ద కట్టకుండా కలిపేవి ఉంటాయి, అవి ఆ అరకి మంచివి కావు. పోసేటప్పుడు చుట్టూ ఒలికితే వెంటనే ఒక వాష్ వేసెయ్యండి, ఆ ఉప్పు స్టీలుని తినేస్తుంది. మీ నీళ్లు ఎంత గట్టివో మెషీన్‌లో సెట్ చెయ్యకపోతే సాల్ట్ పోసినా పూర్తి ఫలితం ఉండదు. పేరుకున్న సున్నానికి నేను ఖాళీ మెషీన్‌లో సిట్రిక్ యాసిడ్ వేసి వేడి ప్రోగ్రాం నడుపుతాను. దాంతోపాటు బ్లీచ్ మాత్రం ఎప్పుడూ వెయ్యకండి, విషవాయువు వస్తుంది.

ఒకసారి టాబ్లెట్లు అయిపోతే ఇంట్లో ఒకరు చేత్తో అంట్లు తోమే లిక్విడ్ కొంచెం పోశారు. ఆ కొంచెమే చాలింది. డోర్ సందుల్లోంచి నురగ నేల మీదికి పాకింది, అడుగు ట్రేలో నీళ్లు చేరి అక్కడి ఫ్లోట్ స్విచ్, అంటే నీళ్లు చేరితే తేలే స్విచ్, లేచింది, డోర్ తీసినా డ్రెయిన్ పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు వింటే ప్లగ్ తీసి, కింద తడి ఆరేదాకా ఆగడమే మేలు.

నిజంగా మెకానిక్ అవసరమైన ఆ ఒక్కసారీ హీటర్ పోయింది. పోల్చుకోవడం తేలికే, 65, 70 డిగ్రీల ప్రోగ్రాం వేసి బాగా నడిచాక కూడా గిన్నెలు చల్లగానే ఉన్నాయి, ఆవిరి లేదు. అది సొంతంగా విప్పే పని కాదు, పక్కనే కరెంటూ నీళ్లూ ఉంటాయి.

ఆరకపోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్లాస్టిక్ వేడిని నిలుపుకోదు కాబట్టి తడిగానే వస్తుంది. గిన్నెల మీద నీళ్లు నిలవకుండా జారిపోయేలా చేసే రిన్స్ ఎయిడ్ నింపి, వాష్ అయిపోగానే డోర్ కాస్త తెరిచిపెడితే మిగతావి ఆరిపోతాయి. కింది అర ముందు ఖాళీ చెయ్యండి, లేదంటే పై కప్పుల అడుగున నిలిచిన నీళ్లు వాటి మీదికి కారతాయి. అల్యూమినియం నల్లబడుతుంది, చెక్కది పగులుతుంది, ఆ రెండూ పెట్టకండి. ఎకో ప్రోగ్రాం మూడు గంటలు దాటినా చెడిపోయినట్టు కాదు, నీళ్లని తక్కువ వేడి చేసి ఎక్కువసేపు కడుగుతుంది.

మళ్లీ కొంటానా అంటే కొంటాను. కానీ ఈసారి షాపులో ప్రోగ్రాములు లెక్కపెట్టను, కింది అర బయటికి లాగి, ఫిల్టర్ ఒక్క చేత్తో ఊడుతుందో లేదో చూస్తాను. ఫిల్టర్ ఊడదీసి కడగడం వారానికోసారి చెయ్యాల్సిన పని. ఇప్పుడు నా మెషీన్‌లో కింది అరకి ఒక చక్రం ఊడింది, రెండు కమ్మీల మీద పూత లేచి తుప్పు కనిపిస్తోంది. కొత్త అరకి ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా ఆ మూల గిన్నె పెట్టకుండా నెట్టుకొస్తున్నాను.