ఏథెన్స్‌లో 180 యూరోలు దండగ, ప్నిక్స్ గుట్ట మాత్రం ఉచితం

నాన్న ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. గ్రీసు వెళ్దామనగానే ఆయన అడిగింది ఒక్కటే: "పెరిక్లీస్ నిలబడి మాట్లాడిన చోటు చూడాలమ్మా." పెరిక్లీస్ అంటే దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి ఏథెన్స్ నాయకుడు. ఆ చోటు ప్నిక్స్ గుట్ట, అప్పట్లో పౌరుల సభ జరిగింది అక్కడే. అందుకే ఏథెన్స్‌లో మొదటి రోజే ప్రజాస్వామ్యం పుట్టిన చోట్లన్నీ చూపిస్తామన్న ఒక టూర్ బుక్ చేశాం. మనిషికి 45 యూరోలు, నలుగురికి 180. పాత గుళ్లున్న కొండ అక్రోపొలిస్ టికెట్ 30 యూరోలు వేరే.

నాలుగు గంటల్లో 50 నిమిషాలు ఆలివ్ సబ్బుల కొట్లోనే పోయాయి. ఆ కొండ మీది పార్థినాన్ గుడి దగ్గర ఫొటోలకు పావుగంట ఇచ్చారు. క్రీ.పూ. 447లో ఆ గుడి పని మొదలైంది పెరిక్లీస్ చొరవతోనే. గైడ్ నోట ఆ పేరే రాలేదు. చివర్లో నాన్న ప్నిక్స్ ఎప్పుడని అడిగితే, "అక్కడ బండరాళ్లు తప్ప ఏం లేవు, టైమైపోయింది" అన్నాడు. మా చేతిలో ఉన్న కాగితంలో మాత్రం ప్నిక్స్ పేరు స్పష్టంగా ఉంది. డబ్బు అడిగితే మెయిల్ పెట్టమన్నారు. పెట్టాం, జవాబు లేదు. ఆ రాత్రి నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు కడుపు రగిలిపోయింది.

మర్నాడు గైడ్ లేకుండా మేమే పాత అగోరాకు, అంటే నాటి సంత మైదానానికి వెళ్లాం. అక్కడి అట్టాలోస్ స్టోవా (స్తంభాల వసారా) మ్యూజియం దయచేసి వదలకండి. ఎవరినైనా పదేళ్లు నగరం నుంచి వెలివేయాలంటే జనం చిల్లపెంకుల మీద పేరు గీకి వేసేవారు. అద్దం వెనక అలాంటి పెంకు ఒకటుంది, అరచేతిలో పట్టేంత. దాని మీద వంకరటింకరగా, "పెరిక్లీస్, క్సాంథిప్పోస్ కొడుకు". తండ్రిని క్రీ.పూ. 484లో నిజంగానే వెలివేశారు, కొడుక్కి మాత్రం ఆ గతి పట్టలేదు. నాన్న ఆ అద్దం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డారు. పక్కనే కోర్టు వాడిన నీటి గడియారం: కుండలో నీళ్లు ఆరు నిమిషాల్లో కారిపోతాయి, చిన్న కేసుల్లో మారు వాదన అంతలోనే ముగించాలి. మా అమ్మాయికి అది తెగ నచ్చింది.

మధ్యాహ్నం ఓ చిన్న హోటల్లో టొమాటోతో వండిన పెద్ద చిక్కుడు గింజలు, రొట్టె. నలుగురికీ 38 యూరోలు, కడుపు నిండింది. శాకాహారులు "నిస్తీసిమో" (ఉపవాసపు వంట) అని అడగండి. మాంసం, పాలు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం ఆ లెక్కలోకే వస్తాయి, విడిగా వద్దని చెప్పాలి.

సాయంత్రం ప్నిక్స్ ఎక్కాం. టికెట్ లేదు, క్యూ లేదు, ఎదురుగా అక్రోపొలిస్. రాతిలో మలిచిన వేదిక చుట్టూ తాడు కట్టారు. ఈ వేదిక పెరిక్లీస్ తర్వాతిదనీ, ఆయన కాలంలో సభ ఇటు కాక అటు తిరిగి కూర్చునేదనీ నాన్న చెప్పారు. అయినా ఆయన ముఖంలో నిన్నటి ముభావం లేదు.

"తాతయ్యా, ఆరు నిమిషాలే!" అంటూ మా అమ్మాయి ఫోన్‌లో టైమర్ పెట్టింది. నాన్న చెప్పులు విడిచి మొదలుపెట్టారు. జ్యూరీలో కూర్చున్న పేదవాడికి కూలి నష్టం రాకుండా పెరిక్లీస్ భత్యం ఇప్పించాడు. ఆడవాళ్లకు, బానిసలకు, బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు మాత్రం ఓటు లేదు. క్రీ.పూ. 451లో, తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే పౌరసత్వమని ఆయనే చట్టం తెచ్చాడు. తర్వాత ప్లేగులో ఇద్దరు కొడుకులూ పోతే, పరాయి ఊరి అస్పాసియాకు పుట్టిన కొడుకును పౌరుణ్ని చేయమని అదే జనాన్ని బతిమాలుకున్నాడు.

"ఒప్పుకున్నారా తాతయ్యా?"

"ఒప్పుకున్నారమ్మా." అంతలో టైమర్ మోగింది. అమ్మాయి దాన్ని ఆపేసి, మళ్లీ ఆరు నిమిషాలు పెట్టింది.