మెయిల్ సర్వర్‌కి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కొంటున్నారా? నాలా దెబ్బతినకండి

పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆఫీసులోనే ఎక్స్ఛేంజ్ సర్వర్ పెట్టుకుని మెయిల్ నడుపుతున్నాం. దానికి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (ఇది నిజంగా మా సర్వరే అని అవతలి కంప్యూటర్లకి చూపించే గుర్తింపు కార్డు లాంటిది) కావాల్సొచ్చి, మాకు డిజిటల్ సిగ్నేచర్ చేసిపెట్టే ఆయన్నే అడిగాను. (టెండర్లకి గుచ్చే టోకెన్ వేరు, ఇది వేరు అని అప్పటికి నాకూ తెలీదు.) "మూడేళ్లకి 9 వేలు, మరి చూసుకోనక్కర్లేదండి" అన్నాడు. ఇచ్చేశాను.

పెట్టిన రోజే అందరి అవుట్‌లుక్‌లోనూ హెచ్చరిక! సర్టిఫికెట్‌లో ఉన్నవి రెండే పేర్లు: మా డొమైన్ ఒకటి, దానికి ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తగిలించింది ఇంకొకటి. మా సర్వర్ పేరేమో 'మెయిల్ డాట్'తో మొదలవుతుంది. అవుట్‌లుక్ 'ఆటోడిస్కవర్ డాట్' పేరు కూడా వెతుక్కుంటుంది. ఆ రెండూ లేవు. ఫోన్ చేస్తే, "ఏటవదండి, యెస్ నొక్కేయమనండి" అన్నాడు. నెలరోజులు నొక్కాం. రేపు ఎవడైనా మధ్యలో దూరి దొంగ సర్వర్ చూపించినా మా గుమాస్తా అదే యెస్ నొక్కుతాడు కదా! బ్యాంకు ఖాతా నంబర్లు వెళ్లేది ఆ మెయిల్లోనే.

నాకు నిద్ర పట్టనిది మాత్రం ప్రైవేట్ కీ, అంటే సర్టిఫికెట్‌కి జతగా మన దగ్గరే ఉండాల్సిన రహస్య తాళంచెవి, దాని సంగతి తెలిశాకే. సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం పంపే దరఖాస్తు ఫైలు) మన సర్వర్ మీదే తయారవ్వాలి, దాంతోపాటే కీ కూడా; కీ అక్కణ్ణుంచి కదలకూడదు. ఆయన తన కంప్యూటర్‌లో చేసి, కీతో సహా వాట్సాప్‌లో పంపాడు. మా బీరువా తాళంచెవి ఊరంతా తిప్పి తెచ్చినట్టే.

ఇక మూడేళ్ల మాట. 2020 సెప్టెంబర్ నుంచి ఏ పబ్లిక్ సర్టిఫికెట్టూ (అందరి కంప్యూటర్లూ, ఫోన్లూ నమ్మే సంస్థలు ఇచ్చేది) 398 రోజులు మించదు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులే, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. మూడేళ్లకి కట్టినా మధ్యలో మళ్లీ మళ్లీ ఇప్పించుకుని సర్వర్‌లో పెట్టుకోవాల్సిందే. ఆ ముక్క ఆయన చెప్పలేదు. ఏడాది తిరిగాక ఒక సోమవారం పొద్దున్న సర్టిఫికెట్ గడువు తీరి అందరి ఫోన్లలోనూ మెయిల్ ఆగిపోయింది, ఢిల్లీ పార్టీ ఆర్డర్ మధ్యాహ్నం దాకా చూళ్లేదు.

కొనేముందు ఏయే పేర్లు వస్తాయో రాసివ్వమనండి. మళ్లీ పెట్టేది ఎవరో అప్పుడే తేల్చుకోండి. సర్వర్ లోపలి 'డాట్ లోకల్' పేరు కూడా కలిపేస్తానంటే అక్కడే లేచి వచ్చేయండి, అలాంటి పేర్లకి పబ్లిక్ సర్టిఫికెట్లు ఇవ్వడం ఎప్పుడో ఆపేశారు.

మేము పాతది రద్దు చేయించి, కొత్త కీతో, సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థకి మారాం. పైసా ఖర్చు లేదు, 90 రోజుల సర్టిఫికెట్ గడువుకి ముందే దానంతటదే మారిపోతోంది. 9 వేల సంగతి అడిగితే, "సర్టిఫికెట్ ఇచ్చాను కదండి" అంటున్నాడాయన.