సూళ్లూరుపేట పెద్ద తెర: తిరుపతి నుంచి పోయి చూసేవాళ్లకు

2019 ఆగస్టు చివర్లో సూళ్లూరుపేట దగ్గర వీ ఎపిక్ సినిమా హాలు తెరిచినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉండింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినాక తెర, హాలు, పాప్‌కార్న్‌తో సహా మా తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. మా జిల్లా కాకముందు నుంచే నేను పోతా ఉన్నా. వంద అడుగులకు తగ్గని వెడల్పు, ఆరొందలు దాటిన సీట్లు అని అందరూ రాసిందే. అంత తెర ముందు సినిమా సినిమాకూ ఏం తేడా పడుతుందో మాత్రం చాలాసార్లు కూర్చుంటేగానీ తెలియదు.

ముందు తెర ఆకారం సంగతి. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం స్కోపులో తీస్తారు. అంటే ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 2.39 అడుగులు. హైదరాబాద్ ప్రసాద్స్‌లో 2003లో పెట్టిన ఐమాక్స్ తెర 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు. 70 ఎంఎం ఫిల్మును అడ్డంగా పరిగెత్తించి, ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచునుండే రంధ్రాలు 15 వాడే పద్ధతికి కట్టిన తెర అది. ఆ ఫిల్ము మీద తీసిన బొమ్మ పడితే కింద నుంచి పైదాకా నిండిపోతుంది. అదే తెర మీద మన స్కోపు సినిమా వేస్తే 40 అడుగుల ఎత్తే వాడుకుంటుంది, మిగతా 32 అడుగులు నల్లగా ఉండిపోతాయి. చదువుకునే రోజుల్లో అక్కడ చూసినప్పుడు ‘ఇంత తెర పెట్టుకుని సగమే వాడతారేందిరా’ అని మా వాడొకడు గొణిగినాడు. లెక్క చూస్తే వాడన్నది నిజమే. 2014లో అక్కడ ఐమాక్స్ పేరు పోయింది. తర్వాత తెర మార్చి, 2022 చివర్లో 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తుతో కొత్తది పెట్టినారు.

సూళ్లూరుపేటది అడ్డంగా సాగిన తెర. స్కోపు సినిమాకు 42 అడుగుల ఎత్తు చాలు కాబట్టి పైనా కిందా వృథా తక్కువ. కొండలు, కోటలు, వెయ్యి మంది జనం ఉన్న షాట్ పడితే ఆ చివర నుంచి ఈ చివరకు తల తిప్పి చూడాల్సిందే. ఐమాక్స్ అన్న ముద్ర లేకపోయినా తెలుగు సినిమా వరకు నా ఓటు దీనికే. నిలువుగా ఎక్కువ బొమ్మ ఉండేలా తీసిన ఇంగ్లీషు సినిమా అయితే నేను చెన్నై ఐమాక్స్‌కు పోతా. అక్కడి డిజిటల్ ఐమాక్స్‌లో వెడల్పు ఎత్తుకు 1.90 రెట్లే కాబట్టి స్కోపులో కోసేసే పైభాగం, కిందిభాగం కూడా కనిపిస్తాయి. తెలుగు సినిమాకు ఐమాక్స్ అని పోస్టరు వేసినంత మాత్రాన బొమ్మ పెరగదు. కెమెరా దగ్గరే అలా తీసుండాలి.

సీటు ఎక్కడ తీసుకోవాలో తెలియక చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. మామూలు హాల్లో అలవాటు ప్రకారం మధ్య వరస బుక్ చేస్తారు. నలభై అడుగుల తెరకు అది సరే. వంద అడుగుల తెరకు 20 మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ బొమ్మ మీ చూపులో 75 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 30 మీటర్ల దూరానికి పోయినా ఇంకా 54 డిగ్రీలు. నలభై అడుగుల తెర ముందు 15 మీటర్లలో మంచి సీటు దొరికినా 44 డిగ్రీలే వస్తుంది. అందుకే పెద్ద తెర హాల్లో ‘వెనక పడింది’ అని బాధపడేదానికి లేదు. వెనక మూడో వంతు, నడిమధ్య నా లెక్కలో మొదటి రకం. డైలాగులు అర్థంకాని భాషైతే ఇంకా వెనక్కి పోండి, లేకపోతే సబ్‌టైటిల్స్ చదివేలోపు మొహాలు మిస్సవుతాయి.

ఒకసారి అమ్మను తీసుకుపోయినాం. టికెట్లు ఆలస్యంగా తీసుకోవడంతో ముందు వరసలే దొరికినాయి. హీరో మొహం క్లోజప్ పడగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘ఇంత పెద్ద మొహం యాడని చూసేదిరా నాయనా, కండ్లు చూస్తే నోరు కనపళ్ళా’ అనింది. సినిమా పరిశ్రమలో క్లోజప్‌లు పెట్టేవాళ్లు ఈ మాట వినాలి. ఫోన్లోనూ టీవీలోనూ చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని గడ్డం నుంచి నుదుటిదాకా బిగించి తీసిన షాట్ ఇక్కడ కొండచరియ మాదిరి మీద పడుతుంది. మేకప్ గీత, విగ్గు అంచు, తొందరలో ముగించిన గ్రాఫిక్స్ ఏదీ దాగదు. సెట్ వేసిన ఊరు సెట్ అని తెలిసిపోతుంది.

కెమెరా వేగంగా తిప్పే ఫైట్లు కూడా అంతే. సెకనుకు 24 ఫ్రేములే కదా. కెమెరా తిరుగుతూ ఒక వస్తువు అయిదు సెకన్లలో తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయిందనుకోండి, వంద అడుగుల తెర మీద అది ఒక్కో ఫ్రేముకు పది అంగుళాలు దూకినట్టు. కన్ను ఆ దూకుడును పట్టేస్తుంది, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. నిలకడగా, వెడల్పుగా, ఓపిగ్గా తీసిన సినిమాకే పెద్ద తెర ఖర్చు గిట్టుబాటు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే కుటుంబ కథకు, అరుపుల కామెడీకి మా తిరుపతి హాళ్లే చాలు.

బొమ్మ నాణ్యత గురించి ఒక మాట. ఏ పెద్ద తెర హాలుకు పోయినా ప్రొజెక్టరు 2కేనా 4కేనా, మామూలు దీపమా లేజరా కనుక్కోండి. 2కే అంటే అడ్డంగా 2048 చుక్కలు. వంద అడుగులకు పరిస్తే ఒక్కో చుక్క 15 మిల్లీమీటర్లవుతుంది, ముందు వరసల్లో వాళ్లకు గళ్లు గళ్లుగా తెలిసిపోతుంది. 4కే అయితే చుక్క 7 మిల్లీమీటర్ల పైచిలుకు, తెరకు 25 మీటర్లు దాటి కూర్చుంటే కన్ను విడదీయలేదు. వెలుతురుదీ ఇదే గొడవ. తెర వెడల్పు, ఎత్తు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, వెలుతురూ నాలుగింతలు కావాలి. మన దగ్గరలోని ఒక పెద్ద ఊళ్లో, పేరెందుకులే, దీపం ఆరిపోయేట్టున్న తెర మీద త్రీడీ సినిమా చూసినా. కళ్లద్దాలు పెట్టుకుంటే పగటి సీను కూడా సాయంత్రం ఆరు గంటల మాదిరి ఉండింది. అప్పటి నుంచి త్రీడీ అంటే ముందు ఆ హాల్లో ఎవరైనా చూసినవాళ్లను అడిగేగానీ పోను. టూడీ ఉంటే టూడీనే.

సౌండు విషయంలో ఎవరూ చెప్పని చిన్న తమాషా. స్పీకర్లు తెర వెనకుంటాయి. 30 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి శబ్దం చేరడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే రెండు ఫ్రేములు. ఆఖరి వరసలో పెదాలు కదిలినాక మాట వినపడినట్టు కొందరికి అనిపించేది ఇందుకే. నాకు పెద్దగా పట్టింపు లేదు.

మొదటి రోజు మాత్రం పోవద్దు. అభిమానుల ఈలలు, తెర ముందు డాన్సులు, పేపరు ముక్కలు అన్నీ మామూలు హాల్లో ఎట్లుంటే అక్కడా అట్లనే. పేపరు ముక్కలు వెలుతురులో ఎగిరితే అంత పెద్ద తెర మీద నీడలు కూడా అంత పెద్దవే. పైగా పెద్ద సినిమాలకు ప్రభుత్వం అనుమతిస్తే మొదట్లో రేటు పెంచుతారు, అది తగ్గేదాకా ఆగితే మేలు. వారం దాటినాక పొద్దున ఆటకు పోతే హాలంతా మనదే.

దారి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా. నాయుడుపేట దాకా రోడ్డు బాగుపడినాక ప్రయాణం కష్టం కాదు, కారైతే రెండు గంటల లోపే. కాళహస్తిలో టిఫిన్ చేసి బయల్దేరితే పొద్దునాటకు నిదానంగా చేరొచ్చు. చెన్నై వాళ్లకు ఇంకా సులువు, సబర్బన్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది. అందుకే శని, ఆదివారాల్లో హాల్లో సగం అరవమే వినిపిస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు టికెట్ తీసుకునే ముందు ఆలోచించండి, ఊళ్లో బండి కదలదు. పిల్లలుంటే రాకెట్టూ సినిమా రెండూ ఒకే రోజు కుదుర్చుకోవచ్చు, మా ఇంట్లో అది హిట్టయింది.

సొంత బండి లేనివాళ్లు సెకండ్ షో పెట్టుకోవద్దు. ఆట వదిలేసరికి తిరుపతి బస్సు కోసం నాయుడుపేట దాకా పోయి, అక్కడ కాసుకుని కూర్చోవాలి.