గాజు అల్మరాలో 34 టోపీలు: ఏడేళ్ళ తర్వాత

మా ఆయన మర్చంట్ నేవీలో ఇంజినీరు. ఏ రేవులో దిగినా ఒక టోపీ కొనుక్కొస్తారు. టోపీలు ఆయనవి, వాటి మీద దుమ్ము నాది. ఇప్పటికి 34 అయ్యాయి. 2018 ఎండాకాలంలో వీటి కోసమే హాల్లో గాజు తలుపుల అల్మరా చేయించాం. చేయించిన కొత్తలో అడిగి ఉంటే ఐదుకి ఐదు మార్కులు వేసేదాన్ని. ఏడు వానాకాలాలు చూశాక మూడు వేస్తున్నాను. అందులో ఒకటి అందానికి.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. బాల్కనీలో కాసేపు నిలబడితే పెదాలకి ఉప్పు తగులుతుంది. ఈ సంగతి ముందే చెప్పాలి. ఇదే అల్మరా అనంతపురంలో మా చెల్లెలింట్లో ఉండి ఉంటే నేను రాయబోయేదాంట్లో సగం రాసే పని ఉండేది కాదు.

అంతకు ముందు అన్నీ గోడ మేకులకే వేలాడేవి. క్రికెట్ క్యాపులకి అది చాలు, ఇప్పటికీ వాటిని తలుపు వెనక కొక్కేలకే తగిలిస్తాను. ఫెల్ట్ టోపీలకి, అంటే ఉన్ని, బొచ్చు నొక్కి చేసిన దళసరి గుడ్డ టోపీలకి అలా కుదరదు, మేకు తగిలిన చోట నెత్తి మీద బొడిపె లేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు హాలు కిటికీ అద్దం పగిలింది. గోడ మీదవి గోడ మీదే తడిసి ముద్దయ్యాయి. నాలుగు పారేశాం. "తలుపులున్న అల్మరా ఉండి ఉంటే" అని మా ఆయన ఆ తర్వాత నాలుగేళ్ళు అంటూనే ఉన్నారు. చివరికి చేయించాం. ప్లైవుడ్డు, మైకా, గాజు, కూలీ అన్నీ కలిపి 52 వేలు.

కొలతలు ఇచ్చింది నేనే. ఏడడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు, 12 అంగుళాల లోతు. పుస్తకాల అల్మరా అంతే లోతు ఉంటుంది కదా అనుకున్నాను. హ్యూస్టన్‌లో కొన్న కౌబాయ్ టోపీ లోపల పెడితే తలుపు పడలేదు. అప్పుడు కూర్చుని లెక్కేశాను. తల పట్టే భాగమే ముందు నుంచి వెనక్కి 8 అంగుళాలు, అంచు ముందొక నాలుగు, వెనకొక నాలుగు. మొత్తం 16. కార్పెంటర్ మనకి టోపీ పెట్టాడండీ అని ఫోన్లో అన్నాను. "చీటీ మీద 12 అని రాసింది నువ్వే కదా" అన్నారాయన, సింగపూర్ నుంచి. కౌబాయ్ టోపీ అల్మరా నెత్తికెక్కింది. కాస్త వెడల్పు అంచున్న మిగతావాటిని పక్కకి తిప్పి సర్దాను. ఇంటికొచ్చిన వాళ్ళకి అవన్నీ ఎవరి మీదో కోపంతో మొహం తిప్పుకున్నట్టు కనిపిస్తాయి. మీరు చేయించుకుంటే మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద టోపీని కార్పెంటర్ చేతిలో పెట్టండి, చీటీ వద్దు.

అసలు కష్టం ఆగస్టులో మొదలైంది. దుమ్ము దూరకూడదని తలుపుల చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించాను. దుమ్ము నిజంగానే రాలేదు. ఒకరోజు తలుపు తీస్తే పాత ట్రంకుపెట్టె వాసన. ఫెల్ట్ టోపీ ఒకటి తిరగేసి చూస్తే, లోపల నుదుటికి ఆనే తోలు పట్టీ మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా బూజు. తొమ్మిదింటికి పట్టింది. తేమ చూపించే చిన్న మీటరు తెప్పించి లోపల పెట్టాను. హాల్లో 76 శాతం, అల్మరాలో 81. గాలి ఆడని పెట్టె, దాని వెనక వాన నీరు పీల్చే బయటి గోడ. ఇంకేం కావాలి బూజుకి?

టోపీలన్నీ తీసి, బాల్కనీలో నీడన గాలికి పెట్టి, మెత్తటి బ్రష్‌తో దులిపాను. అల్మరాని గోడ నుంచి మూడంగుళాలు ముందుకి జరిపించాను. బీడింగ్ పీకేశాను. వెనక చెక్కకి కింద ఐదు, పైన ఐదు రంధ్రాలు పెట్టించి దోమల మెష్ కొట్టించాను. సాయంత్రం హాల్లో ఏసీ వేసినప్పుడు తలుపులు బార్లా తెరుస్తాను. ఇప్పుడు వానల్లో కూడా మీటరు 65 దాటేది తక్కువ. దాటిన వారం నాకు టెన్షన్. దుమ్ము మళ్ళీ వస్తోంది, రానీ, దులుపుతాను. బూజు కంటే నయం.

బొచ్చు టోపీలు మాత్రం అల్మరాలో లేవు. రష్యా వైపు నుంచి తెచ్చిన చెవులు కప్పే టోపీ, శ్రీనగర్‌లో కొన్న కరాకులి అనే గొర్రెపిల్ల బొచ్చు టోపీ, కులూ ఉన్ని టోపీ, ఈ మూడూ గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ సంచితో ఉన్నాయి. ఉన్నిని, బొచ్చుని తినే పురుగు వెలుతురులోకి రాదు. చీకటి మడతల్లో గుడ్లు పెట్టిపోతుంది, మనకి తెలిసేసరికి చిల్లులే మిగులుతాయి. సిలికా జెల్ నారింజ రంగుది కొనండి. తేమ పీల్చుకుని ఆకుపచ్చకి తిరిగితే ఆరబెట్టుకోవచ్చు. నీలం రంగువాటిలో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే అవి వద్దు.

ఇక థర్మాకోల్ తలలు. కొట్లో చూసినట్టు ఉంటుందని 20 తెప్పించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను బాగా పశ్చాత్తాపపడ్డ ఖర్చు ఇదే. చూడ్డానికి బాగానే ఉన్నాయి, రాత్రిపూట మంచినీళ్ళకి లేచిన మా అత్తయ్య మాత్రం రెండుసార్లు కెవ్వుమన్నారు. పురుగు పట్టకూడదని అరకొకటి చొప్పున కలరా ఉండలు వేశాను. నాలుగు నెలల తర్వాత చూస్తే, ఉండ ఆనిన చోటల్లా తల బుగ్గ కరిగి గుంట పడింది. ఒక తలకైతే కన్ను ఉండాల్సిన చోట బొటనవేలు దూరేంత సొట్ట. కలరా ఉండల ఆవిరి థర్మాకోల్‌ని తినేస్తుందని ఆ రోజు తెలిసింది. ఇంకో దానికి రెక్సిన్ పట్టీ ఉన్న టోపీ తొడిగాను. రెక్సిన్ మెత్తబడి థర్మాకోల్‌కి అతుక్కుపోయింది. లాగితే తెల్ల పూసలన్నీ పట్టీకి అంటుకుని వచ్చాయి, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ తలలన్నీ తీసేసి వంటింట్లో వాడని సామాను దించాను. బోర్లించిన ఇత్తడి చెంబులు, పాత స్టీలు డబ్బాలు. చెంబుకి పాత నూలు చీర గుడ్డ చుట్టి, తల లావు వచ్చేదాకా మందం చేస్తాను. టోపీ దాని మీద కూర్చున్నప్పుడు అంచు అరకి తగలకూడదు, అదొక్కటే చూసుకోవాలి. అంచు మీద బరువు పడితే ఆర్నెల్లలో అప్పడంలా వంకర తిరుగుతుంది. చెంబు లేకపోతే వెల్లకిలా, నెత్తి కిందికి పెట్టాలి. ఇప్పటికే వంకరపోయిన ఫెల్ట్ అంచుని ఇడ్లీ పాత్ర ఆవిరి మీద తిప్పుతూ వేళ్ళతో సరిచేస్తాను. ఆవిరికి ఫెల్ట్ మెత్తబడుతుంది, చల్లారాక అలాగే బిగుస్తుంది. ఇడ్లీలు దింపిన తర్వాతే సుమా.

గాజుకి నేనిచ్చే పూర్తి మార్కు ఒక్క విషయంలో. చేతులు దూరంగా ఉంటాయి. గ్వయాకిల్‌లో కొన్న పనామా టోపీ ఉంది మా దగ్గర. పేరుకి పనామా, పుట్టుక ఈక్వడార్. టోకియా అనే నారతో చేత్తో అల్లుతారు, ఆ అల్లికకి 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. చూసిన ప్రతివాళ్ళూ దాన్ని ముందు నొక్కు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తుతారు. నార విరిగేది సరిగ్గా అక్కడే. గాజు వెనక ఉంది కాబట్టి బంధువుల చేతుల్లో బతికింది. చివరికి నొక్కు దగ్గర పగలగొట్టింది మా ఆయనే, ఫోటో కోసం తీసి.

గాజు ఆపలేనిది ఎండ. పడమటి కిటికీ ఎదురుగా ఉన్న నల్ల ఫెల్ట్ టోపీ రెండేళ్ళలో ఒక పక్క టీ డికాషన్ రంగుకి వచ్చేసింది. కర్టెన్ మార్చాను, రంగు తిరిగి రాలేదు. ఆ పక్క గోడ వైపుకి తిప్పి పెట్టాను. లోపల అంటించిన ఎల్ఈడీ పట్టీ జిగురు రెండుసార్లు ఊడింది, మూడోసారి అంటించలేదు.

మా అత్తయ్యది శ్రీకాకుళం పల్లె. వియత్నాం నుంచి వచ్చిన మూడు ఆకుల టోపీల్లో ఒకదాన్ని చూసి, "ఇది గిడుగే కదమ్మా, నాట్లప్పుడు మేం వానకి తాటాకువి పెట్టుకునేవాళ్ళం. దీనికి అద్దాల బీరువానా?" అన్నారు. ఆవిడ మాట నిజమే. ఆ ఆకు టోపీలు మూడూ ఒకదానిలో ఒకటి గిన్నెల్లా ఇమిడిపోయి, బయట అరుగు బల్ల మీద ఏ జబ్బూ లేకుండా ఉన్నాయి.

మళ్ళీ చేయిస్తే 18 అంగుళాల లోతు, పై రెండు అరలకే గాజు, కిందవి తెరిచి. వచ్చే నెల మా ఆయన సెలవుకి వస్తున్నారు. మెక్సికోలో సాంబ్రెరో కొన్నారట, అడ్డంగా రెండడుగులు. ఫ్రిజ్ పైన ఒక చెంబు బోర్లించి ఉంచాను.