పోయాయనుకున్న ఫొటోల కోసం: ఫొటోరెక్‌తో ఆరేళ్లు

కెమెరా మెనూలో ‘ఫార్మాట్’ దగ్గర ఓకే నొక్కాను. కార్డు ఖాళీ కావడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఆ వెంటనే గుర్తొచ్చింది, నేను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నది ఈ కార్డు కాదు, పక్కనున్న ఇంకో కార్డని. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. మా పాప మొదటి అడుగులు, మా అమ్మ రెండు చేతులూ చాచి దాన్ని రమ్మని పిలవడం, అన్నీ కలిపి నాలుగు వందల పైచిలుకు ఫొటోలు అందులోనే ఉన్నాయి. కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ రాత్రే నాకు, పోయిన ఫొటోలను వెతికి తీసే ఫొటోరెక్ అనే టూల్ పరిచయమైంది. ఈ ఆరేళ్లలో నావి, మా అక్కవి, స్నేహితులవి కలిపి పదకొండు కార్డులు దానితో వెతికాను. ఏడింటిలో దాదాపు అన్నీ వచ్చాయి, మూడింటిలో కొన్నే వచ్చాయి, ఒకదానిలో ఒక్కటీ రాలేదు. వచ్చినచోట ఎందుకొచ్చాయో, రానిచోట ఎందుకు రాలేదో ఇప్పుడు బాగానే అర్థమవుతోంది. టూల్ పనితనం కంటే, ఫొటోలు పోయిన మొదటి ఐదు నిమిషాల్లో మనం ఏం చేశామన్నదే ముఖ్యం. అందుకే దీనిలో సగం ఆ ఐదు నిమిషాల గురించే రాస్తున్నాను.

ఫొటోరెక్‌ను రాసింది క్రిస్టోఫ్ గ్రెనియే. ఉచితం, ఓపెన్ సోర్స్. టెస్ట్‌డిస్క్ అనే ఇంకో టూల్‌తో కలిసి ఒకే ప్యాకేజీగా వస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. విండోస్‌లో అయితే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలు.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తేనే టెన్షన్ సగం తగ్గుతుంది. ఫొటో డిలీట్ చేస్తే కార్డులో ఫొటో చెరిగిపోదు. పుస్తకంలో విషయసూచిక చించేసినట్టు అన్నమాట, పేజీలు అలాగే ఉంటాయి. 32 జీబీ దాకా ఉండే కార్డులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు పైవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఫ్యాట్32లో ఫొటో డిలీట్ చేసినప్పుడు జరిగేవి రెండే పనులు. జాబితాలో ఆ ఫైల్ పేరులోని మొదటి అక్షరం స్థానంలో ‘ఇది తీసేశాం’ అనే గుర్తు పడుతుంది. ఆ ఫైల్ కార్డులో ఏయే గదుల్లో ఉందో చెప్పే పట్టికలో సున్నాలు పడతాయి. అసలు డేటా ఉన్నచోటే ఉంటుంది, ఇంకో ఫొటో వచ్చి దాని మీద పడేదాకా. మామూలుగా కెమెరాలో చేసే ఫార్మాట్ కూడా చాలావరకు ఇంతే, జాబితాలన్నిటినీ ఒకేసారి ఖాళీ చేస్తుంది.

ఫొటోరెక్ ఈ జాబితాలను నమ్ముకోదు. కార్డును మొదటి సెక్టార్ (డేటా ఉండే చిన్న గది) నుంచి చివరిదాకా చదువుకుంటూ పోయి ఫైళ్ల ఆనవాళ్లు వెతుకుతుంది. ప్రతి జేపీఈజీ (జేపీజీ) ఫైలూ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. అవి కనిపిస్తే ‘ఇక్కడో ఫొటో ఉంది’ అని పట్టుకుని బయటికి తీస్తుంది. అందుకే ఫార్మాట్ చేసిన కార్డైనా, ‘కార్డ్ ఎర్రర్’ అని కెమెరా మొరాయించే కార్డైనా దీనికి పెద్ద తేడా ఉండదు. పైగా వెతికే కార్డు మీద ఇది ఏమీ రాయదు, చదువుతుందంతే. నేను దీన్ని నమ్మడానికి మొదటి కారణం అదే.

ఇక ఆ ఐదు నిమిషాలు. పొరపాటు జరిగిందని తెలిసిన క్షణాన కెమెరా ఆఫ్ చేసి కార్డు బయటికి తీసేయాలి. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న లాక్ ఉంటుంది, దాన్ని కిందికి జరపాలి. మైక్రో ఎస్‌డీకి లాక్ ఉండదు, దాని అడాప్టర్‌కు ఉంటుంది. ఆ లాక్ మీద పూర్తి భరోసా మాత్రం పెట్టుకోకూడదు. అది ఉత్త ప్లాస్టిక్ ముక్క, కార్డు లోపలి చిప్‌కు దాని సంగతే తెలియదు. లాక్ వేసి ఉందని చూసి రాయడం ఆపాల్సింది, కార్డును కంప్యూటర్‌కు కలిపే రీడరే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కార్డు పెట్టగానే మనల్ని అడగకుండానే దాని మీద రాసేవి చాలా ఉన్నాయి. విండోస్ ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే ఫోల్డర్ పెడుతుంది. మ్యాక్ తన స్పాట్‌లైట్ ఫైళ్లు పెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెడితే అది కూడా తన ఫోల్డర్లు తయారుచేసుకుంటుంది. వీటిలో ఏదైనా సరిగ్గా మన ఫొటో ఉన్నచోటే పడవచ్చు. విండోస్ ‘స్కాన్ అండ్ ఫిక్స్’ అని అడిగితే వద్దనే చెప్పండి. అది బాగుచేసేది ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఆ జాబితాల ఏర్పాటును, మన ఫొటోలను కాదు. ఇంకో మాట, కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే చాలా కెమెరాలు డ్రైవ్‌లా కనిపించవు, ఫొటోరెక్‌కు అసలు దొరకవు. కార్డు రీడర్ తప్పనిసరి.

నడపడం దగ్గరికొస్తే, తెరిచిన వెంటనే నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు. మౌస్ పనిచేయదు, బాణాల కీలు, ఎంటర్ మాత్రమే. మొదటిసారి నాకు భయమేసింది, ఏదైనా తప్పు నొక్కి ఉన్నది కూడా పోగొడతానేమోనని. మౌస్ కావాలనుకునేవాళ్లకు అదే ప్యాకేజీలో క్యూఫొటోరెక్ ఉంది. ఒకే పని, ఒకే ఫలితం. కొత్తవాళ్లు దానితోనే మొదలుపెట్టడం మంచిది.

ముందు డ్రైవ్‌ల జాబితా వస్తుంది. పేరు చూసి కాదు, సైజు చూసి కార్డును గుర్తుపట్టండి. తర్వాత ఫైల్ సిస్టమ్ అడిగేచోట కెమెరా కార్డులకు ‘అదర్’ ఎంచుకోవాలి. ఆపైన ‘ఫ్రీ’నా ‘హోల్’నా అని అడుగుతుంది. ‘ఫ్రీ’ అంటే ఖాళీ అని గుర్తుపెట్టిన చోటు మాత్రమే వెతుకుతుంది, డిలీట్ కాని ఫొటోలు మళ్లీ రాకుండా. కొన్ని ఫొటోలే డిలీట్ అయితే అది చాలు. కార్డు పాడైతే మాత్రం ‘హోల్’, అంటే మొత్తం కార్డు, పెట్టాలి. చివరగా ఎక్కడ సేవ్ చేయాలో అడుగుతుంది. ఇక్కడ ఆ కార్డునే చూపించారంటే మొత్తం కథ ముగిసినట్టే. వచ్చిన ఫొటోలు రాని ఫొటోల మీద పడతాయి. కంప్యూటర్‌లోనో వేరే డిస్క్‌లోనో ఒక ఫోల్డర్ చూపించండి.

రా ఫార్మాట్‌లో, అంటే జేపీజీగా మార్చని ముడి ఫైళ్లుగా తీసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ‘ఫైల్ ఆప్షన్స్’లో నికాన్ ఎన్ఈఎఫ్, కానన్ సీఆర్2 అని విడిగా కనిపించవు. అవి టిఫ్ ఫార్మాట్ మీద కట్టినవి కాబట్టి ‘టిఫ్’ అనే వరుసలోనే ఉంటాయి. నేను ఒకసారి జేపీజీ మాత్రమే పెట్టి, టిఫ్ తీసేసి, గంటసేపు కూర్చున్నాక రా ఫైళ్లు ఒక్కటీ రాలేదని తల పట్టుకున్నాను.

మొదలవగానే ‘పాస్ 0’ అని వస్తుంది. ఆనవాళ్లు పదింటిని పట్టుకుని, కార్డులో ఫైళ్లు ఏ కొలతలో అమరి ఉన్నాయో లెక్క వేసుకుంటుంది. తర్వాత ‘పాస్ 1’. కింద జేపీజీ అని రాసి పక్కన ఒక అంకె. ఆ రాత్రి ఆ అంకె 1 అయింది, 4 అయింది, చూస్తుండగానే 37 అయింది. పక్క ఫోల్డర్ తెరిచి చూస్తే పాప కనిపించింది, గోడ పట్టుకుని నిలబడి. ఏడుపొచ్చింది. అప్పుడు నా దగ్గరున్న పాత యూఎస్‌బీ 2.0 రీడర్‌తో ఆ 64 జీబీ కార్డు పూర్తవడానికి దాదాపు గంట పట్టింది. తర్వాత యూఎస్‌బీ 3.0 రీడర్ తీసుకున్నాక అంతే కార్డు పావుగంటలో అయిపోతోంది. ఈ పనికి ఖర్చంటూ పెడితే మంచి రీడర్ మీద పెట్టండి.

అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాత. ఫొటోలు ‘రికప్ డిర్’ అనే ఫోల్డర్లలో, ఒక్కోదానిలో 500 చొప్పున పడతాయి. జాబితాను వాడుకోదు కాబట్టి పాత పేర్లు ఉండవు. ఎఫ్ అక్షరం, దాని పక్కన పొడవాటి అంకె, అంతే. ఆ అంకె ఊరికే వేసింది కాదు, ఆ ఫొటో కార్డులో మొదలైన సెక్టార్ నంబరు. ఫార్మాట్ చేసిన కార్డులో కెమెరా మొదటి నుంచి వరసగా రాసుకుంటూ పోతుంది కాబట్టి, పేర్ల వరసలో పెడితే చాలావరకు తీసిన వరసే వస్తుంది. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు కార్డులు పట్టింది. ఇప్పుడు ఇంకా తేలిక దారి ఎక్సిఫ్‌టూల్. ఫిల్ హార్వీ రాసిన ఉచిత టూల్ అది. ప్రతి ఫొటో లోపల కెమెరా రాసిన తేదీ, సమయం చదివి వాటితోనే ఫైళ్ల పేర్లు మార్చేస్తుంది. వేల ఫొటోలైనా నిమిషాల పని.

వేలు అని ఊరికే అనలేదు. నాకు కావాల్సినవి నాలుగు వందలు, వచ్చినవి మూడు వేలకు పైనే. అంతకుముందు ఎప్పుడో తీసి, కాపీ చేసుకుని, ఫార్మాట్ చేసేసిన రెండేళ్ల కిందటి ఫొటోలు కూడా బయటికొచ్చాయి. సంతోషంతో పాటు ఒక భయం కూడా పట్టుకుంది. అప్పటి నుంచి కార్డు ఎవరికైనా ఇవ్వాలంటే, ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ల ఫార్మాటర్‌లో క్విక్ కాకుండా ‘ఓవర్‌రైట్’ ఫార్మాట్ చేసే ఇస్తున్నాను.

ఇక దీనికి చేతకానివి. మా అక్కకు కెమెరాలోనే నచ్చని ఫొటోలు ఒక్కొక్కటిగా డిలీట్ చేసుకుంటూ, ఆ ఖాళీల్లో కొత్తవి తీసుకునే అలవాటు. నెలల తరబడి అలా వాడిన కార్డులో ఒక్కో ఫొటో రెండు మూడు ముక్కలుగా దూరదూరంగా పడుతుంది. ఆ ముక్కలను కలిపే పట్టిక డిలీట్‌తోనే పోతుంది. అక్క కార్డు నుంచి వచ్చిన ఒక ఫొటో నాకు ఇప్పటికీ కళ్లముందుంది. పై సగంలో మా బావ నవ్వుతున్నాడు, సరిగ్గా మెడ దగ్గర గీత గీసినట్టు, కింద ఎవరిదో పూలకుండీ, రంగులన్నీ గులాబీకి తిరిగిపోయి. అలాంటివి నలభై దాకా వచ్చాయి. వీడియోలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, అవి పెద్దవి, ముక్కలవడానికి అవకాశమూ ఎక్కువ. వీడియోల కోసమైతే ఫొటోరెక్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దంటాను.

ఇలా పాడైన ఫొటోల విషయంలో ‘టీ’ అక్షరంతో మొదలయ్యే ఫైళ్లను చెత్త అనుకుని తీసేయకండి. అవి ఫొటో మొదట్లో దాగి ఉండే బుల్లి నమూనాలు, సాధారణంగా 160×120 సైజు. ఫొటో తోక పోయినా తల మిగిలితే ఇది దక్కుతుంది. అక్క వాటిలో ఆరు ప్రింట్ తీయించుకుంది, బొటనవేలంత.

చదవడానికే మొరాయిస్తున్న కార్డు ఒకటి వచ్చింది, స్నేహితుడిది. ఒక్కోచోట ఐదేసి నిమిషాలు ఆగిపోయేది. అలాంటి కార్డును పదేపదే చదివించడం ప్రమాదం. డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో మొత్తం కార్డును ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా తీసుకున్నాను. అది బాగున్న చోట్లు ముందు చదివేసి, మొండి చోట్ల దగ్గరికి తర్వాత వెళ్తుంది. ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ ఎన్నిసార్లు నడిపినా కార్డుకు శ్రమ లేదు. ఇప్పుడు మంచి కార్డులకూ ముందు ఇమేజే తీస్తున్నాను.

ఒక్కటీ రాని కార్డు కూడా స్నేహితుడిదే, ఇంకొకరిది. ఫార్మాట్ చేశాక ఒక్క ఫొటో కూడా తీయలేదు, వెంటనే తెచ్చిచ్చాడు. అయినా మొదటి నుంచి చివరిదాకా అన్నీ సున్నాలే. కొన్ని కెమెరాలు ఫార్మాట్‌తో పాటు ‘మొత్తం చెరిపేయి’ అని కార్డుకే ఆదేశం ఇస్తాయి. కార్డు లోపలి కంట్రోలర్ దాన్ని పాటించాక ఏ టూల్‌కూ చదవడానికి ఏమీ మిగలదు. మెనూలో ‘లో లెవెల్ ఫార్మాట్’ అని ఉంటే అది నొక్కేముందు బాగా ఆలోచించండి. అతనికి ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

డబ్బు కట్టే టూల్ ఒకటి కూడా వాడి చూశాను. అదే కార్డులో అవే ఫొటోలు చూపించింది, సేవ్ చేయాలంటే డబ్బు కట్టమంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పాత పేర్లు కూడా కొన్ని నిలబెట్టింది, కాదనను. కానీ పేర్ల కోసమైతే ఫొటోరెక్ పక్కనే ఉన్న టెస్ట్‌డిస్క్‌లో ‘అన్‌డిలీట్’ ఉంది. జాబితా ఇంకా పూర్తిగా చెడని కార్డుల్లో డిలీట్ అయిన ఫైళ్లను ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. ఫ్యాట్32 కార్డుల్లో మొదటి అక్షరం బదులు ఒక అడ్డగీత కనిపిస్తుంది, మిగతా పేరంతా ఉంటుంది. ఒకటి రెండు ఫొటోలే పోతే నేను ముందు దాన్నే ప్రయత్నిస్తాను, అది దొరక్కపోతేనే ఫొటోరెక్.

మా పాప ఫొటోలు అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఫార్మాట్ అయిన కంగారులో, కార్డు పనిచేస్తోందో లేదోనని ఒకసారి షట్టర్ నొక్కాను. ఆ ఫొటో వెళ్లి కార్డు మొదట్లో, అంటే ఆ రోజు తీసిన మొదటి ఫొటో ఉన్నచోటే పడింది. పాప ఇంకా లేవకముందు, మా అమ్మ ఒక్కతే నేల మీద కూర్చుని చేతులు చాచిన ఫొటో అది. ఇప్పుడు ఆ స్థానంలో మసక వెలుతురులో టేబుల్ అంచు ఉంది. రికప్ ఫోల్డర్‌లో ఆ రోజు వరసలో మొదటిది అదే, దాని తర్వాతిది పాప గోడ పట్టుకుని లేస్తున్నది.